గట్టి గింజ ఎంత, తాలు ఎంత: వైరల్ వెక్టర్ల దిగుబడిపై పాఠకుల ప్రశ్నలు

రెండు సంచికల క్రితం ఇదే శీర్షికలో, వెన్నుపాములోని నాడీకణాలు నశించే స్పైనల్ మస్క్యులర్ అట్రోఫీ అనే వ్యాధికి ఇచ్చే జన్యు చికిత్స గురించి రాశాను. జన్యువును మోసుకువెళ్లే వైరస్ తొడుగులను, అంటే వెక్టర్లను, మనిషి కణాలలో పెంచి తీస్తారని అందులో ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు వెళ్లిపోయాను. ఆ వాక్యం దగ్గరే ఆగి చాలామంది పాఠకులు ప్రశ్నలు పంపారు. వాటిలో నాలుగింటిని ఈసారి తీసుకుంటున్నాను. రెండో ప్రశ్న ప్రయోగశాలలో పని చేసేవారిది కాబట్టి దాని జవాబు కొంచెం పొడవుగా, సాంకేతికంగా ఉంటుంది. మిగతా పాఠకులు కూడా ఓపికగా చదివితే, ఈ మందుల తయారీలో శ్రమ అంతా ఎక్కడ ఖర్చవుతోందో అక్కడే తెలుస్తుంది.

ప్రశ్న (ఉపాధ్యాయిని, విజయవాడ): మాత్రలను రసాయనాలతో తయారు చేస్తారు, ఇన్సులిన్‌ను బాక్టీరియాలోనో ఈస్ట్‌లోనో తయారు చేస్తారు. ఈ వెక్టర్లకు మాత్రం మనిషి కణాలే ఎందుకు కావాలి? అవి ఎవరి కణాలు?

జవాబు: ఈ చికిత్సలలో ఎక్కువగా వాడుతున్నది అడినో అసోసియేటెడ్ వైరస్, పొట్టిగా ఏఏవీ. 1965లో అడినోవైరస్ నమూనాలను ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌తో పరిశీలిస్తున్నవారికి వాటి మధ్య చాలా చిన్న రేణువులు కనిపించాయి. అవి తమంతట తాము పెరగలేవు, అడినోవైరస్ వంటి తోడు ఉంటేనే పెరుగుతాయి. పేరులోని 'అసోసియేటెడ్' అన్న మాట ఆ సంగతినే చెబుతుంది. ఏఏవీ తొడుగు, అంటే కాప్సిడ్, సుమారు 25 నానోమీటర్ల గుండ్రని గూడు. 60 ప్రోటీన్ ముక్కలు కలిసి దానిని కడతాయి. లోపల సుమారు 4,700 అక్షరాల పొడవున్న ఒంటిపోగు డీఎన్‌ఏ ఉంటుంది. చికిత్స కోసం ఆ వైరస్ సొంత జన్యువులను పూర్తిగా తీసివేసి, రెండు చివర్లలో 145 అక్షరాల చొప్పున ఉండే ఐటీఆర్ అనే మడత భాగాలను మాత్రం ఉంచి, వాటి నడుమ మనకు కావలసిన జన్యువును పెడతారు.

ఇన్సులిన్ ఒక చిన్న ప్రోటీన్. దానిని బాక్టీరియా సులువుగా తయారు చేస్తుంది. ఏఏవీ వెక్టర్ అలా కాదు. మూడు రకాల తొడుగు ప్రోటీన్లు తగిన పాళ్లలో కేంద్రకంలోకి చేరాలి, అక్కడ అవి గూడుగా కూడాలి, ఇంకోవైపు డీఎన్‌ఏకు ప్రతులు తయారు కావాలి, ఆపైన ఒక్కొక్క ఒంటిపోగును ముందే కట్టి ఉన్న ఖాళీ గూటిలోకి సన్నని రంధ్రం గుండా తోయాలి. ఈ తోసే పనిని రెప్ అనే వైరస్ ప్రోటీన్లు కణ యంత్రాంగం సాయంతో చేస్తాయి. ఇంత పనికి కేంద్రకం ఉన్న కణం కావాలి. కీటక కణాలలో ఈ పని చేయించే పద్ధతి 2002లో వచ్చింది, దానిని ఇప్పటికీ కొందరు వాడుతున్నారు. అయినా ఎక్కువ ప్రయోగశాలలు మొదట చేరేది మనిషి కణాల దగ్గరికే.

ఆ కణాల పేరు హెచ్‌ఈకే 293. 1973లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో, అలెక్స్ వాన్ డర్ ఎబ్ ప్రయోగశాలలో, ఫ్రాంక్ గ్రాహం అనే శాస్త్రవేత్త ఒక మానవ పిండం మూత్రపిండం నుంచి పెంచిన కణాలలోకి అడినోవైరస్ 5 డీఎన్‌ఏ ముక్కలను ఎక్కించాడు. ఆ ముక్కలలో ఒకటి కణం సొంత క్రోమోజోమ్‌లో శాశ్వతంగా కూర్చుండిపోయింది, ఆ కణం ఆగకుండా విభజన చెందుతూ పోయింది. అది ఆయన 293వ ప్రయోగం కాబట్టి ఆ అంకె పేరులో నిలిచిపోయింది. పేరుకు మూత్రపిండ కణాలే అయినా, వీటిలో నాడీకణాల లక్షణాలు కనిపిస్తున్నాయని గ్రాహం కూడా పాలుపంచుకున్న ఒక అధ్యయనం 2002లో చూపింది. అప్పుడు క్రోమోజోమ్‌లో కూర్చున్న ముక్కలోని ఇ1 జన్యువులు ఏఏవీ పెరగడానికి కావలసిన తోడులో కొంత భాగం. అందువల్ల ఈ కణాలకు మిగిలిన భాగాన్ని మాత్రం బయటి నుంచి అందిస్తే చాలు. నేడు ప్రపంచంలో జన్యు చికిత్సకు తయారవుతున్న వెక్టర్లలో పెద్ద భాగం ఆనాటి ఒక్క కణం సంతతిలోనే పుడుతోందన్న సంగతి నన్ను ఇప్పటికీ విస్మయపరుస్తుంది.

బయటి నుంచి అందించేవి సాధారణంగా మూడు ప్లాస్మిడ్లు, అంటే బాక్టీరియాలో పెంచి తీసే గుండ్రని డీఎన్‌ఏ వలయాలు: ఐటీఆర్‌ల నడుమ చికిత్స జన్యువు ఉన్నది ఒకటి, రెప్ జన్యువు, తొడుగు ప్రోటీన్లను ఇచ్చే కాప్ జన్యువు ఉన్నది ఒకటి, అడినోవైరస్ నుంచి తీసుకున్న సహాయక జన్యువులు ఉన్నది మరొకటి. అసలు అడినోవైరస్ అవసరమే లేకుండా ఇలా ప్లాస్మిడ్లతోనే పని జరిపించవచ్చని 1998లో స్థిరపడింది. ఈ మూడింటినీ కణంలోకి ఎక్కించడాన్ని ట్రాన్స్‌ఫెక్షన్ అంటారు. తరువాతి ప్రశ్న అంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

ప్రశ్న (పరిశోధక విద్యార్థిని, హైదరాబాద్): ద్రవంలో తేలుతూ పెరిగే హెచ్‌ఈకే 293 కణాలలో ఏఏవీ8 వెక్టర్ తయారు చేస్తున్నాము. మిల్లీలీటరుకు 20 లక్షల కణాలు ఉన్నప్పుడు పీఈఐతో (డీఎన్‌ఏను పట్టుకుని కణాలలోకి చేరవేసే పాలిమర్) మూడు ప్లాస్మిడ్లను ఎక్కిస్తాము. డీఎన్‌ఏను, పీఈఐని కలిపి 40 నిమిషాలు ఉంచుతాము. 72 గంటల తరువాత సెంట్రిఫ్యూజ్ చేసి, పై ద్రవాన్ని పారబోసి, అడుగున చేరిన కణాలను పగలగొట్టి వెక్టర్ తీస్తాము. లీటరుకు 5 లక్షల కోట్ల జీనోమ్ ప్రతులకు (తొడుగులలో చేరిన జన్యువు ప్రతులకు) మించి రావడం లేదు. డీఎన్‌ఏను, పీఈఐని రెట్టింపు చేసి చూశాము, దిగుబడి పెరగలేదు సరికదా కణాలు ఎక్కువగా చనిపోయాయి. ఇంకేం మార్చాలి?

జవాబు: ముందుగా మీ అంకెను కణానికి లెక్క కట్టి చూడండి. మిల్లీలీటరుకు 20 లక్షలంటే లీటరుకు 200 కోట్ల కణాలు. వాటి నుంచి 5 లక్షల కోట్ల ప్రతులు వచ్చాయంటే ఒక్కో కణం ఇచ్చినవి 2,500. ఇదే రకమైన తేలే కణాలలో, ఇదే మూడు ప్లాస్మిడ్ల పద్ధతిలో, కణానికి లక్షకు పైగా, లీటరుకు 100 లక్షల కోట్లకు పైగా సాధించినట్లు నార్త్ కరోలినాలోని జూడ్ సముల్స్కీ బృందం 2016లో ప్రచురించింది. కణానికి లెక్కిస్తే మీకూ వారికీ మధ్య తేడా 40 రెట్లు, లీటరుకు లెక్కిస్తే 20 రెట్లు. ఇంత పెద్ద తేడా ఒక్క డీఎన్‌ఏ మోతాదు వల్ల రాదు. ఎక్కడో వెక్టర్ పోతోంది, లేదా లెక్క తప్పుతోంది, లేదా కణాల దగ్గరే లోపం ఉంది. దిగుబడి పెంచాలని కొత్తవేవో కలపడానికి ముందు, ఉన్నది ఎక్కడ పోతోందో వెతకమని నేను గట్టిగా చెబుతాను.

మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట 'పై ద్రవాన్ని పారబోసి' అన్నది. ఏఏవీలో చాలా రకాలున్నాయి, ఏ రకం తయారైన తరువాత ఎక్కడ ఉంటుందన్నది దాని తొడుగును బట్టి మారుతుంది. ఏఏవీ2 తొడుగు కణాల పైపొరలోని హెపరాన్ సల్ఫేట్‌కు అతుక్కుంటుంది. కాబట్టి అది దాదాపు అంతా కణాలతోనే ఉండిపోతుంది. ఏఏవీ1, ఏఏవీ8, ఏఏవీ9 వంటివి మాత్రం గంటలు గడిచేకొద్దీ పెద్ద ఎత్తున బయటి ద్రవంలోకి వచ్చేస్తాయి. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో జేమ్స్ విల్సన్ బృందం 2010లో ఈ సంగతిని స్పష్టంగా చూపింది. ఏఏవీ2 కోసం రాసిన పద్ధతిని ప్రయోగశాలలు తరతరాలుగా అలాగే అనుసరించడం వల్ల ఏఏవీ8 చేస్తున్నవారు కూడా కణాలను దాచుకుని ద్రవాన్ని పారబోస్తుంటారు. వచ్చే బ్యాచ్‌లో ద్రవాన్ని, కణాలను విడివిడిగా కొలవండి. 72 గంటల దగ్గర మీ పంటలో పెద్ద వాటా సింకు పాలవుతోందని నాకు అనుమానం.

రెండోది కొలత. పీఈఐతో ఎక్కించినప్పుడు, కణాలలోకి వెళ్లని ప్లాస్మిడ్ నమూనాలో ఎంతో మిగిలి ఉంటుంది. డీఎన్‌ఏ ప్రతులను లెక్కించే పీసీఆర్ పరీక్షకు తొడుగులోని డీఎన్‌ఏకూ బయట తిరిగే ప్లాస్మిడ్‌కూ తేడా తెలియదు. తొడుగును తెరవడానికి ముందు డీఎన్‌ఏస్ అనే ఎంజైముతో బయటి డీఎన్‌ఏను పూర్తిగా కరిగించకపోతే, వచ్చే అంకెలో కొంత భాగం ప్లాస్మిడ్‌దే అవుతుంది. దీనిని పట్టుకోవడానికి నాకు తెలిసిన సులువైన దారి ఒకటే: ఒక ఫ్లాస్కులో రెప్-కాప్ ప్లాస్మిడ్‌ను మాత్రం మానేసి, మిగతా పని అంతా యథాతథంగా చేయండి. అందులో తొడుగులే ఏర్పడవు కాబట్టి అక్కడ కనిపించే 'దిగుబడి' అంతా అబద్ధం. ఆ అంకె చిన్నదైతే మీ కొలతను నమ్మవచ్చు, పెద్దదైతే ముందు దానినే సరిచేయాలి. పీసీఆర్ ప్రమాణంగా మెలితిరిగిన వృత్తాకార ప్లాస్మిడ్‌ను వాడుతుంటే, దానిని ఒక ఎంజైముతో కోసి నిటారుగా చేసి వాడండి. మెలిక ఉన్న ప్లాస్మిడ్ పీసీఆర్‌లో నెమ్మదిగా పెరుగుతుంది, దానితో పోల్చినప్పుడు మీ నమూనా ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. వీలుంటే డ్రాప్లెట్ డిజిటల్ పీసీఆర్‌కు మారండి. దానికి ప్రమాణ రేఖతో పని లేదు.

మూడోది ప్లాస్మిడ్. ఐటీఆర్‌లు తమలో తాము మడత పడే భాగాలు. బాక్టీరియాలో ప్లాస్మిడ్‌ను పెంచేటప్పుడు ఆ మడతలలోని కొన్ని అక్షరాలు తెగిపోవడం చాలా మామూలు. అవి తెగితే జన్యువు ప్రతులు తయారు కావడం, తొడుగులోకి చేరడం రెండూ దెబ్బతింటాయి. అయితే మిగతా ప్లాస్మిడ్ అంతా బాగానే కనిపిస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. నేను ప్రయోగశాలలో ఉన్న రోజులలో ఇలాంటి ఒక ప్లాస్మిడ్‌తో మూడు నెలలు పోగొట్టుకున్నాను. ఆ మూడు నెలలూ కణాలను, మీడియంను, పీఈఐని తప్పుపట్టానే కానీ గొట్టంలోని డీఎన్‌ఏను ఒక్కసారి కూడా కోసి చూడలేదు. ఐటీఆర్‌లలో స్మా1 ఎంజైము కోసే చోట్లు ఉంటాయి. ప్రతి కొత్త ప్లాస్మిడ్ తయారీని ఆ ఎంజైముతో కోసి జెల్ మీద పట్టీలు సరిగా ఉన్నాయో లేదో చూడండి. పునస్సంయోగ సామర్థ్యం తగ్గించిన బాక్టీరియా రకాన్ని ఎంచుకుని, 37 డిగ్రీలకు బదులు 30 డిగ్రీల దగ్గర పెంచితే ఈ నష్టం తగ్గుతుంది. చికిత్స జన్యువు, దానిని పని చేయించే ప్రొమోటరు, రెండు ఐటీఆర్‌లు అన్నీ కలిపి 4,700 అక్షరాలు దాటుతుంటే అది వేరే సమస్య. దానికి మోతాదులు మార్చి ఉపయోగం లేదు, జన్యువునే కుదించాలి.

ఈ మూడూ సరిగా ఉన్నాయని తేలిన తరువాతనే కణాల దగ్గరికి రండి. విభజన జోరు మీద ఉన్న కణాలే ఈ పని బాగా చేస్తాయి. కణం విభజన చెందేటప్పుడు కేంద్రకం పొర విచ్చుకోవడం ప్లాస్మిడ్ లోపలికి చేరడానికి తోడ్పడుతుంది. అందుకని ముందు రోజు కణాలను పలుచన చేసి, మరునాటికి అవి రెట్టింపవుతూ ఉండగా ట్రాన్స్‌ఫెక్షన్ పెట్టండి. బతికున్న కణాల శాతం 95కు తగ్గితే ఆ రోజు పని వాయిదా వేయడం మేలు. ఎన్నిసార్లు తిరగపెంచిన కణాలో పుస్తకంలో రాసుకుంటూ, ఒక హద్దు దాటగానే గడ్డకట్టించి దాచిన కొత్త గొట్టానికి మారండి. మైకోప్లాస్మా పరీక్షను క్రమం తప్పకుండా చేయండి. ఆ బాక్టీరియా ద్రవాన్ని మసకబార్చదు, వాసన రానివ్వదు, దిగుబడిని మాత్రం తినేస్తుంది. ఇంకొక సంగతి తేలికగా మరుగున పడుతుంది. తేలే కణాలు గుంపులు కట్టకుండా కొన్ని మీడియంలలో డెక్స్‌ట్రాన్ సల్ఫేట్, హెపరిన్ వంటివి కలుపుతారు. వాటికి రుణావేశం ఉంటుంది కాబట్టి అవి ధనావేశం ఉన్న పీఈఐని పట్టుకుని డీఎన్‌ఏకు దక్కకుండా చేస్తాయి. ట్రాన్స్‌ఫెక్షన్ సమయానికి అవి లేని మీడియంలో కణాలు ఉండేలా చూసుకోండి.

ఇక పీఈఐ. డీఎన్‌ఏ, పీఈఐ కలిసిన క్షణం నుంచి అవి చిన్న రేణువులుగా మొదలై నిమిష నిమిషానికి పెరుగుతూ పోతాయి. మరీ చిన్నవైతే కణం సరిగా తీసుకోదు, మరీ పెద్దవైతే అడుగుకు దిగిపోతాయి, కణాలను చంపుతాయి. చాలామంది 10 నుంచి 15 నిమిషాలు ఉంచుతారు. మీ 40 నిమిషాలు చాలా ఎక్కువ. 5, 10, 15, 20 నిమిషాల దగ్గర నాలుగు చిన్న ఫ్లాస్కులు పెట్టి చూడండి, ఒక్క వారంలో తేలిపోతుంది. డీఎన్‌ఏ రెట్టింపు చేసినా లాభం ఎందుకు లేదో కూడా ఇక్కడే అర్థమవుతుంది. మిశ్రమంలో వేసిన ప్లాస్మిడ్‌లో కేంద్రకం దాకా చేరేది కొద్ది భాగమే. మధ్యలో దాటవలసిన అడ్డంకులు అలాగే ఉండగా వాకిట్లో సరుకు పెంచితే లోపలికి చేరేది పెరగదు. పైగా దానితో పాటు రెట్టింపైన పీఈఐ విషం మాత్రం కణానికి పూర్తిగా తగులుతుంది. పది లక్షల కణాలకు ఒక మైక్రోగ్రాము డీఎన్‌ఏ, దానికి ఒకటి నుంచి మూడు రెట్ల బరువు పీఈఐ అన్న మామూలు పరిధికి తిరిగి రండి.

ఎక్కువైతే మంచిదన్న ఆలోచన ఈ పనిలో చాలాసార్లు బెడిసికొడుతుంది. దానికి నాకు ఎంతో నచ్చిన ఉదాహరణ 1997 నాటిది. రెప్ ప్రోటీన్లు లేనిదే వెక్టర్ లేదు కాబట్టి వాటిని ఎంత ఎక్కువ చేస్తే అంత మంచిదని అందరూ అనుకునేవారు. సముల్స్కీ ప్రయోగశాలలోని వారు పెద్ద రెప్ ప్రోటీన్ల ప్రారంభ సంకేతాన్ని ఏటీజీ నుంచి ఏసీజీగా మార్చి, వాటి తయారీని తగ్గించి చూశారు. దిగుబడి పెరిగింది. పెద్ద రెప్ ప్రోటీన్లు కణం పెరుగుదలను అణచివేస్తాయి, కాప్ జన్యువు పనిని కూడా అడ్డుకుంటాయి. రెప్ జన్యువును శాశ్వతంగా దాచుకున్న హెచ్‌ఈకే 293 కణాలను తయారు చేయడం ఇంత కష్టం కావడానికి కారణమూ ఇదే. ఆ కణాలలో ఎప్పుడూ ఉండే ఇ1 జన్యువు రెప్‌ను నిద్రలేపుతూనే ఉంటుంది.

కణాల సాంద్రతను మిల్లీలీటరుకు 20 లక్షల నుంచి 40 లక్షలకో 60 లక్షలకో పెంచితే దిగుబడి కూడా అలాగే పెరగాలని అనిపిస్తుంది. నిజానికి ఒక హద్దు దాటాక కణానికి వచ్చే ఉత్పత్తి పడిపోతుంది. పోషకాలు తగ్గడం, వ్యర్థాలు పేరుకోవడం అందుకు కొంత కారణం. ట్రాన్స్‌ఫెక్షన్‌కు ముందు పాత మీడియంను తీసి కొత్తది పోయగలిగితే ఆ హద్దును కొంత పైకి జరపవచ్చు. సోడియం బ్యూటిరేట్, వాల్ప్రోయిక్ ఆమ్లం వంటివి డీఎన్‌ఏ చుట్టిన ప్రోటీన్ల పట్టును సడలించి జన్యువుల పనిని పెంచుతాయి. అవి కొన్ని కణాలలో బాగా పనిచేస్తాయి, కొన్నింటిలో చంపుతాయి కూడా. వాటిని చివరికి ఉంచండి. అప్పటికి మూడు ప్లాస్మిడ్ల పాళ్లు, మొత్తం డీఎన్‌ఏ, పీఈఐ, వెక్టర్‌ను సేకరించే సమయం అనే నాలుగైదు అంశాలు మిగులుతాయి. వీటిని ఒక్కొక్కటిగా మార్చి చూడకుండా, గణాంక పద్ధతిలో కలిపి రూపొందించిన ప్రయోగంగా పెట్టండి. ఎందుకంటే ఇవి ఒకదాని మీద ఒకటి ఆధారపడతాయి. ఒక్క అంశాన్ని మార్చి వెతికేవారికి ఆ కలయికలు ఎప్పటికీ కనిపించవు.

కణాలను పగలగొట్టిన తరువాత కూడా నష్టాలు ఆగవు. డీఎన్‌ఏను కరిగించే ఎంజైముతో పాటు తగినంత ఉప్పు లేకపోతే తొడుగులు ఒకదానికొకటి, కణాల చెత్తకూ అతుక్కుపోతాయి. శుద్ధి చేసిన వెక్టర్ పలుచగా ఉన్నప్పుడు ప్లాస్టిక్ గొట్టాల గోడలకు అంటుకుంటుంది. చివరి ద్రావణంలో, అలా అంటుకోకుండా ఆపే పొలోక్సామర్ 188 అనే పదార్థాన్ని 0.001 శాతం కలపడం అందరూ పాటించే జాగ్రత్త.

ప్రశ్న (బయోటెక్ సంస్థ ఉద్యోగి, బెంగళూరు): మా బ్యాచ్‌లలో తొడుగుల సంఖ్య బాగుంటుంది. కానీ లోపల జన్యువు ఉన్నవి పది శాతానికి మించడం లేదు. ఇది మా లోపమా, ఈ పద్ధతి లోపమా?

జవాబు: వరి పండించే ఇంట పుట్టినవారికి ఈ బాధ వెంటనే తెలుస్తుంది. కంకి నిండుగా కనిపిస్తుంది, చేతిలో నలిపితే సగం తాలు. మూడు ప్లాస్మిడ్ల పద్ధతిలో తాలు తొడుగులే ఎక్కువగా ఉండడం మామూలు. శుద్ధికి ముందు నిండినవి 10 నుంచి 30 శాతం మధ్య ఉన్న బ్యాచ్‌లు ఎక్కడైనా కనిపిస్తాయి. కారణం మొదటి జవాబులో చెప్పిన క్రమంలోనే ఉంది. గూళ్లు ముందు కట్టుకుంటాయి, డీఎన్‌ఏ తరువాత వాటిలోకి చేరుతుంది. ఎంఐటీ పరిశోధకులు 2021లో ప్రచురించిన గణిత నమూనా కూడా తొడుగులు పుట్టే వేళకూ జన్యు ప్రతులు సిద్ధమయ్యే వేళకూ పొంతన కుదరకపోవడాన్నే ప్రధాన ఇబ్బందిగా ఎత్తిచూపింది. గింజ పాలుపోసుకునే లోపే పొట్టు గట్టిపడినట్లు అన్నమాట.

కాబట్టి మీరు చేయగలిగినవి రెండు వైపులా ఉన్నాయి. కణం లోపల చేయగలిగేది ప్లాస్మిడ్ల పాళ్లను మార్చడం. రెప్-కాప్ ప్లాస్మిడ్‌ను తగ్గించి, చికిత్స జన్యువు ప్లాస్మిడ్‌ను పెంచితే నిండిన శాతం పెరగవచ్చు. అయితే శాతాన్ని ఒక్కదానినే చూసి సంతోషించకండి. మొత్తం తొడుగులు సగానికి పడిపోయి, నిండినవి పది నుంచి ఇరవై శాతానికి పెరిగితే మీ చేతికి వచ్చిన గట్టి గింజలు అంతే. తొడుగులను ప్రోటీన్‌ను కొలిచే ఎలైసా పరీక్షతో, జీనోమ్‌లను డిజిటల్ పీసీఆర్‌తో లెక్కించి, రెండు అంకెలనూ పక్కపక్కన రాయండి. విశ్లేషణకు వాడే అల్ట్రాసెంట్రిఫ్యూజ్ అందుబాటులో ఉంటే, ఖాళీ, నిండిన తొడుగులతో పాటు సగం నిండినవి కూడా విడిగా కనిపిస్తాయి. ఈ సగం నిండినవాటిని, ప్లాస్మిడ్‌లో మనకు అక్కరలేని భాగం చేరినవాటిని నిండినవాటి ఖాతాలో కలపడం పెద్ద పొరపాటు. ప్లాస్మిడ్ వెన్నెముక భాగం, అంటే ఐటీఆర్‌ల బయట ఉండే భాగం, 4,700 అక్షరాల కన్నా బాగా పొడవుగా ఉండేలా రూపొందిస్తే అది తొడుగులో ఇమడడం కష్టమవుతుంది.

కణం బయట చేయగలిగేది తూర్పారపట్టడం. సీసియం క్లోరైడ్‌లోనో అయోడిక్సనాల్‌లోనో అతి వేగంగా తిప్పితే నిండిన తొడుగులు బరువును బట్టి కిందికి, ఖాళీవి పైకి విడిపోతాయి. చిన్న ప్రయోగశాలకు ఇది చాలు, వందల లీటర్లకు మాత్రం ఇది సరిపోదు. అక్కడ ఆనయాన్ ఎక్స్‌ఛేంజ్ క్రొమటోగ్రఫీని వాడతారు. లోపల డీఎన్‌ఏ ఉన్న తొడుగుకు రుణావేశం కొద్దిగా ఎక్కువ. ఆ కొద్ది తేడాను ఆధారం చేసుకుని ఉప్పు సాంద్రతను నెమ్మదిగా పెంచుతూ వాటిని విడదీస్తారు. ఒక్కో ఏఏవీ రకానికి ఈ పద్ధతిని మళ్లీ మొదటి నుంచి సరిచూసుకోవాలి, విడదీసే ప్రతిసారీ మంచి గింజలు కూడా కొన్ని పోతాయి. ఇది రోగి వైపు నుంచి చూసినా ముఖ్యమే. ఖాళీ తొడుగు జన్యువును ఇవ్వదు కానీ రోగనిరోధక వ్యవస్థకు పరాయి ప్రోటీన్‌గా మాత్రం కనిపిస్తుంది.

ప్రశ్న (పాఠకుడు, ఖమ్మం): మా అన్నయ్య కొడుకుకు స్పైనల్ మస్క్యులర్ అట్రోఫీ. బాబుకు 14 నెలలు. 16 కోట్ల రూపాయల ఇంజెక్షన్ గురించి చెప్పారు. ఈ దిగుబడులు రెట్టింపైతే ధర సగమవుతుందా?

జవాబు: మీ కుటుంబం ఎంత ఒత్తిడిలో ఉందో ఊహించగలను. అందుకే మీకు ఉన్నదున్నట్లు చెప్పాలి. దిగుబడి రెట్టింపైనంత మాత్రాన ధర సగం కాదు.

ముందు పరిమాణం సంగతి. కంటిలోకి ఇచ్చే లక్స్‌టర్నా మందుకు ఒక కంటికి 15 వేల కోట్ల జీనోమ్ ప్రతులు చాలు. మీరు చెప్పిన మందు, 2019 మే నెలలో అమెరికాలో రెండేళ్లలోపు పిల్లలకు అనుమతి పొందిన జోల్జెన్‌స్మా, నరంలోకి ఇస్తారు. అది ఒళ్లంతా పాకి వెన్నుపాములోని నాడీకణాలను చేరాలి కాబట్టి బరువు కిలోకు 110 లక్షల కోట్ల ప్రతులు కావాలి. పది కిలోల బిడ్డకు 1,100 లక్షల కోట్లు. లీటరుకు 100 లక్షల కోట్లు వచ్చే మంచి కల్చర్‌లో, శుద్ధి తరువాత మూడో వంతు మిగులుతుందనుకుంటే, ఒక్క బిడ్డకు 33 లీటర్లు కావాలి. పైన రాసిన విద్యార్థిని దిగుబడితో చేస్తే అదే మోతాదుకు 660 లీటర్లు పడుతుంది. తయారీ ఖర్చుకు దిగుబడి ఇంత ముఖ్యం. అందుకే ఇన్ని పుటలు దాని మీద రాశాను.

కానీ అమ్మకపు ధర వేరు. 2019లో ఆ మందుకు అమెరికాలో పెట్టిన ధర 21.25 లక్షల డాలర్లు. అదే మందును నేరుగా వెన్ను ద్రవంలోకి ఇచ్చే రూపానికి 2025 నవంబరులో అక్కడ అనుమతి వచ్చింది. దాని మోతాదు బరువుతో సంబంధం లేకుండా 120 లక్షల కోట్లు, అంటే పది కిలోల బిడ్డ నరంలోకి తీసుకునే మోతాదులో సుమారు తొమ్మిదో వంతు. అయినా దాని ధర 20 లక్షల డాలర్లకు పైనే ఉంది. ధర వెక్టర్ పరిమాణం వెంట నడవడం లేదని చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ అక్కరలేదు. ఏళ్ల తరబడి సాగే పరీక్షల ఖర్చు, ప్రతి బ్యాచ్‌కూ చేయవలసిన నాణ్యతా పరీక్షలు, తక్కువ మంది రోగులు, పేటెంట్లు, ఒక్కసారి ఇచ్చే చికిత్సకు జీవితకాలపు విలువ కట్టే అమ్మకపు లెక్కలు, ఇవన్నీ ధరలో ఉన్నాయి. దిగుబడి పెరగడం వల్ల ముఖ్యంగా జరిగేది, ఈ మందులను చేయగల చోట్లు పెరగడం. మన దేశంలోనే వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో, రక్తం సరిగా గడ్డకట్టని హీమోఫిలియా ఏ వ్యాధి ఉన్న ఐదుగురికి, వారి సొంత మూలకణాలను బయటకు తీసి లెంటివైరల్ వెక్టర్‌తో (ఏఏవీ కాని మరో రకం వైరస్ వెక్టర్) జన్యువును చేర్చి తిరిగి ఎక్కించిన ఫలితాలు 2024 డిసెంబరులో ప్రచురితమయ్యాయి. కణాలను బయటే మార్చే ఈ పద్ధతిలో శరీరమంతటినీ వెక్టర్‌తో నింపవలసిన పని లేదు కాబట్టి చాలా తక్కువ వెక్టర్‌తో సరిపోతుంది. స్పైనల్ మస్క్యులర్ అట్రోఫీకి మాత్రం ఆ దారి పనికిరాదు. అక్కడ మార్చవలసిన నాడీకణాలను బయటకు తీసి తిరిగి పెట్టలేము.

మీ బాబు విషయంలో దిగుబడుల కోసం ఎదురుచూడకండి. ఈ వ్యాధిలో ఒకసారి పోయిన నాడీకణాలు తిరిగి రావు, అందువల్ల ప్రతి నెలా విలువైనదే. రిస్డిప్లామ్ అనే నోటి మందు జనరిక్ రూపం 2025లో భారత మార్కెట్‌లోకి వచ్చింది. అది వెక్టర్ కాదు, రోజూ తాగించవలసిన మందు, ధర జన్యు చికిత్సతో పోల్చితే ఎంతో తక్కువ. బాబుకు, వ్యాధి తీవ్రతను అంచనా వేయడానికి చూసే ఎస్‌ఎంఎన్2 జన్యువు ప్రతులు ఎన్ని ఉన్నాయో పరీక్ష నివేదికలో ఉంటుంది. ఆ నివేదికను తీసుకుని ఈ వారంలోనే పిల్లల నాడీవైద్యుని దగ్గరికి వెళ్లి, ఈ మందును వెంటనే మొదలుపెట్టవచ్చా అని అడగండి.